నూనెబొట్టు నిలబడింది: భారతీయ ప్రమాణాల సంస్థకు ఒక బహిరంగ లేఖ

డైరెక్టర్ జనరల్ గారికి,
భారతీయ ప్రమాణాల సంస్థ, మానక్ భవన్, న్యూఢిల్లీ.



సోలాపూర్ అశోక్ చౌక్ నుంచి రాస్తున్నాను. మహారాష్ట్రలో ఉంటూ ఢిల్లీకి తెలుగులో ఉత్తరమేమిటని మీ ఆఫీసులో ఎవరికైనా అనిపించవచ్చు. మా ఊరి తూర్పు భాగంలో నూలు గురించి, రంగు గురించి, గుడ్డ గురించి తరతరాలుగా ఈ భాషలోనే మాట్లాడుకుంటున్నాం. పాలమూరు, నల్గొండ, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలం. 1877లో ఇక్కడ మొదటి నూలు మిల్లు లేచింది. దాని వెంట మరికొన్ని మిల్లులు వచ్చాయి, ఇళ్లలో చేతిమగ్గాలు వెలిశాయి, తర్వాత వాటి చోట యంత్రమగ్గాలు కూర్చున్నాయి. బజారులో మరాఠీ మాట్లాడతాం, ఇంట్లో అడుగు పెట్టగానే తెలుగులోకి వస్తాం. గుడ్డ విషయం నిక్కచ్చిగా చెప్పాలంటే నాకు ఇంకో భాష చేతకాదు. మీ దగ్గర తెలుగు చదివేవాళ్లు తప్పకుండా ఉంటారు, వాళ్ల చేత చదివించుకోండి.

నేను ముప్పై ఒక్క ఏళ్లు రంగుల పనిలో ఉన్నాను. మొదట చాదర్ల నూలుకు రంగు వేసే తొట్ల దగ్గర, చివరి పదకొండేళ్లు ఒక ప్రాసెస్ హౌస్‌లో ఫినిషింగ్ ఖాతాలో. ఈ ఉత్తరానికి కారణం మాత్రం ఆ కార్ఖానా కాదు. మా అబ్బాయి ఇంట్లో పరిచిన ఒక కార్పెట్.

అబ్బాయి జులే సోలాపూర్‌లో ఫ్లాట్ తీసుకున్నాడు. గృహప్రవేశం ఇంకా వారం ఉందనగా హాల్లోకి లేత గోధుమ రంగు నైలాన్ కార్పెట్ వచ్చింది. తెచ్చిన కుర్రాడు మనవాడే, దత్తనగర్ పిల్లాడు. చుట్ట విప్పి పరిచాడు, మూలలు సరిచేశాడు, సంచిలోంచి ఒక డబ్బా తీశాడు. "కాకా, దీనికి స్టెయిన్ ప్రొటెక్షన్ కొట్టించుకోండి. రెండున్నర వేలు. మూడేళ్లు ఏ మరకా అంటదు" అన్నాడు. అని ఊరుకోలేదు. స్ప్రే కొట్టి ఆరబెట్టిన కార్పెట్ ముక్క ఒకటి వెంట తెచ్చుకున్నాడు. దాన్ని నేల మీద పెట్టి గ్లాసులో నీళ్లు వంచాడు. నీళ్లు తామరాకు మీద బొట్ల లాగా గుండ్రంగా దొర్లాయి. తర్వాత చాయ్ పోశాడు. అదీ అంతే. కాగితంతో అద్దితే కింద తడి లేదు. మా కోడలు మొహం వెలిగిపోయింది.

నేను వంటింట్లోంచి పల్లీనూనె తెప్పించాను. వేలితో ఒక్క బొట్టు ఆ ముక్క మీద వేశాను. వంగి చూస్తూ కూర్చున్నాను. అర నిమిషం, నిమిషం, రెండు నిమిషాలు. బొట్టు ఇంకలేదు. పూస లాగా నిలబడే ఉంది. కుర్రాడు "చూశారా కాకా, నూనె కూడా పట్టదు" అని సంబరపడ్డాడు. నా గుండె అక్కడే కలుక్కుమంది.

ఎందుకో చెబుతాను. గుడ్డ మీద నీళ్లు నిలబడటం పెద్ద విద్య కాదు. మైనం పూసినా నిలబడతాయి, సిలికోన్ పట్టించినా నిలబడతాయి. నూనె అలా కాదు. మైనం మీదా సిలికోన్ మీదా నూనె పరుచుకుని లోపలికి దిగిపోతుంది. నూనెను కూడా పూసలాగా నిలబెట్టాలంటే ఫినిషింగ్ ఖాతాలో మేం ఎరిగిన దారి ఒక్కటే: ఫ్లోరిన్ రసాయనం. కార్బన్‌కు ఫ్లోరిన్‌ను కట్టిన గొలుసులు. ఆ కట్టు ఎంత గట్టిదంటే ఎండకు తెగదు, నీటికి తెగదు, మట్టిలో పురుగూ పుట్రా దాన్ని తినలేవు, మన కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు. ఈ కుటుంబం మొత్తానికి పీఫాస్ అని పేరు. ప్రపంచమంతా వీటిని శాశ్వత రసాయనాలు అంటోంది.

"ఇందులో ఏముంది బాబూ?" అని అడిగాను. "కెమికల్ కాకా. సేఫే. వాటర్ బేస్డ్" అన్నాడు. డబ్బా చేతికిచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకుని నాలుగు పక్కలా చదివాను. బ్రాండు పేరుంది. వాడేముందు బాగా కుదపమని ఉంది. పిల్లలకు అందకుండా పెట్టమని ఉంది. ధర ఉంది, తయారుచేసినవాళ్ల చిరునామా ఉంది. లోపల ఉన్నదేమిటో చెప్పే వరుస ఒక్కటి లేదు. కుర్రాడిని తప్పు పట్టను. రోజుకు నాలుగిళ్లు తిరిగి ఆ మందును తానే పీలుస్తున్నవాడు, అతనికీ ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా మనవరాలికి పదో నెల. పాకుతోంది. చేతికి అందిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. కార్పెట్ మీద నడిచినప్పుడల్లా, ఊడ్చినప్పుడల్లా ఆ పూత కొద్దికొద్దిగా అరుగుతుంది. అరిగింది గాలిలో కలిసిపోదు, ఇంటి దుమ్ములో చేరుతుంది. పాకే పిల్ల అరచేతికి మొదట అంటేది ఆ దుమ్మే. నేను ఇది చెబితే మా కోడలు ఊరకే తల ఊపలేదు. "మామయ్యా, మరక పడితే మోకాళ్ల మీద కూర్చుని రుద్దేది ఎవరు? ఆఫీసు నుంచి ఏడింటికి వస్తాను. ఆ డబ్బా నాకు రోజూ అరగంట మిగులుస్తుంది" అంది.

ఆ మాట నిజం. ఈ రసాయనం ప్రపంచమంతా అమ్ముడుపోయింది ఆ అరగంట కోసమే. ఆడవాళ్ల వీపు నొప్పి మీద, మోకాళ్ల నొప్పి మీద అది అమ్ముడుపోయింది. దాన్ని కొన్నవాళ్లను ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నేను ఒప్పుకోను. ఆ కష్టం తీసుకోవడానికి సిద్ధపడనివాడికి వద్దని చెప్పే హక్కు లేదు. అందుకే ఆ పూటే ఒప్పుకున్నాను: స్ప్రే వద్దు, మరకల పని నాది.

ఈ మందు కథ అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో మొదలైంది. 1953లో త్రీఎమ్ కంపెనీ ప్రయోగశాలలో ఒక ఫ్లోరిన్ రసాయనం ఒలికి ఒక సహాయకురాలి బూటు మీద పడింది. ఎంత కడిగినా పోలేదు. రోజులు గడిచేకొద్దీ బూటంతా మాసింది గానీ ఆ చుక్కలు పడ్డ చోటు మాత్రం తెల్లగానే ఉంది. ప్యాట్సీ షెర్మన్, శామ్యూల్ స్మిత్ అనే ఇద్దరు రసాయనజ్ఞులు దాని వెంట పడ్డారు. 1956లో స్కాచ్‌గార్డ్ బజారుకు వచ్చింది. సోఫాలు, కోట్లు, కార్పెట్లు, అన్నిటి మీదా కొట్టారు. నలభై ఏళ్లకు పైగా అలా సాగాక 2000 మే నెలలో ఆ కంపెనీయే దాని అసలు మూలపదార్థాన్ని, పీఎఫ్‌ఓఎస్ కుటుంబాన్ని, ఆపేస్తున్నామని ప్రకటించింది. అప్పటికే అది ఫ్యాక్టరీ మొహం చూడని మామూలు మనుషుల రక్తంలోనూ, మనుషులు లేని చోట బతికే జంతువుల ఒంట్లోనూ కనిపించింది. స్కాచ్‌గార్డ్ పేరు అలాగే ఉంచి లోపల చిన్న గొలుసు రసాయనం పెట్టారు. చివరికి 2022 డిసెంబరులో, పీఫాస్ తయారీ మొత్తాన్ని 2025 చివరికల్లా మానేస్తామని చెప్పారు.

ఆ కంపెనీ పుట్టింట్లోనే, అదే మిన్నెసోటాలో, 2025 జనవరి 1 నుంచి కావాలని పీఫాస్ కలిపిన కార్పెట్లు, గుడ్డల మీద కొట్టే మందులు అమ్మకూడదు. ఆ చట్టానికి అమారా అనే అమ్మాయి పేరు పెట్టారు. త్రీఎమ్ పారబోసిన వ్యర్థాలతో నీళ్లు చెడిన ప్రాంతంలో పెరిగిన పిల్ల. అరుదైన కాలేయ క్యాన్సర్‌తో ఉండి కూడా శాసనసభకు వెళ్లి మాట్లాడింది. 2023 ఏప్రిల్‌లో, ఇరవై ఒకటో పుట్టినరోజుకు రెండు రోజుల ముందు చనిపోయింది.

కార్పెట్ విషయంలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇంకొకటి. 2012లో ఒక కెనడా పరిశోధన ప్రచురించారు. ఒకే ఇంట్లో ఏడుగురు. ఎవరూ రసాయన ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు కారు. అయినా ఇంటిల్లిపాది రక్తంలో పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్ అనే పీఫాస్ అసాధారణమైన మోతాదులో ఉంది. వెతుక్కుంటూ పోతే ఇంటి దుమ్ములో దొరికింది, కార్పెట్‌లో దొరికింది. ఏళ్ల తరబడి ఆ కార్పెట్లకు మరక పట్టని మందు పదే పదే కొట్టించుకున్నారు. శుభ్రంగా ఉండాలనే కొట్టించుకున్నారు. ఆ రసాయనం ఒంట్లో సగానికి తగ్గాలంటే ఐదేళ్ల పైమాటే. తర్వాతి సగానికి ఇంకో ఐదేళ్లు. ఒళ్లు దాన్ని ఎప్పటికి వదిలించుకుంటుందో మీరే లెక్క వేయండి.

రోగాల మాట కూడా చెప్పాలి. వెస్ట్ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ దగ్గర డ్యూపాంట్ ఫ్యాక్టరీ చుట్టుపక్కల వేల మంది రక్తం తీసి ఏళ్లపాటు పరిశీలించారు. అక్కడి నీళ్లలో కలిసింది ఈ కుటుంబంలోనిదే, పీఎఫ్‌ఓఏ. కిడ్నీ క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, థైరాయిడ్ జబ్బు, పెద్దపేగు పూత, గర్భిణుల్లో రక్తపోటు, కొలెస్ట్రాల్ పెరగడం, ఈ ఆరింటితో దానికి సంబంధం ఉండే అవకాశముందని 2012కల్లా తేల్చారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం పీఎఫ్‌ఓఏను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో పెట్టింది. ఇదంతా చదివి, స్ప్రే కొట్టిన కార్పెట్ మీద కూర్చున్న ప్రతివాడికీ రోగం వస్తుందని నేను అనడం లేదు. మోతాదును బట్టి ఉంటుంది, కాలాన్ని బట్టి ఉంటుంది. కానీ పాకే పిల్ల ఉన్న ఇంట్లో, సోఫా పక్కన చాయ్ మరక పడకుండా ఉండటం కోసం, తీసేయడానికి వీల్లేనిదాన్ని తెచ్చి పెట్టుకోవడం నాకు తూకానికి రాలేదు.

కొత్త మందుల్లో ఫ్లోరిన్ లేనివి ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. వాటితో మన ఇళ్లలో ఒక చిక్కుంది. మా ఊరి మరక ఏమిటో చూడండి. జొన్నరొట్టె మీద ఎర్రటి పల్లీల చట్నీ, శేంగా చట్నీ అంటాం, దాని మీద ధారగా నూనె. పప్పులో పసుపు. పండక్కి పూర్ణం పోళీ, దాని మీద నెయ్యి. మన మరకల్లో నూటికి తొంభై నూనె మరకలే. ఫ్లోరిన్ లేని మందు నీటిని ఆపుతుంది, నూనెను ఆపలేదు. నూనెను ఆపేది ఫ్లోరిన్. అంటే పిల్లకు భయం లేని మందు మన వంటకు పనికిరాదు, మన వంటకు పనికొచ్చే మందు పిల్ల దగ్గరికి తేవడానికి లేదు. ఈ సంగతి అమ్మేవాడు చెప్పడు, ఎందుకంటే అతనికి తెలియదు. కొనేవాడికి తెలిసే దారి డబ్బా మీద లేదు.

ఇప్పుడు నా సొంత మాట. ఆ మందును నేనూ గుడ్డకు పట్టించాను. మా ఊరు స్కూలు యూనిఫాంలకు పేరున్న ఊరు. యూనిఫాం గుడ్డకు మరక పట్టని ఫినిష్ కావాలని ఆర్డర్లు వచ్చేవి. బజారులో టెఫ్లాన్ ఫినిష్ అనేవారు. నీలం డ్రమ్ముల్లో వచ్చేది, పాల లాగా తెల్లగా. తొట్టిలో నీళ్లతో కలిపి, గుడ్డను ముంచి, రబ్బరు రోలర్ల మధ్య పిండి, స్టెంటర్‌లో నూట యాభై, నూట అరవై డిగ్రీల వేడి మీద పట్టించేవాళ్లం. ఆ వేడికి ఒక రకమైన తియ్యటి వాసన లేచేది. షిఫ్టు అయ్యాక తొట్టి అడుగున మిగిలింది పారబోసి, పైపుతో కడిగి, కాలువలోకి వదిలేవాళ్లం. చాలాసార్లు ఆ పైపు పట్టుకున్నది నేనే. డ్రమ్ము మీద ఒక అంకె, ఒక కంపెనీ గుర్తు తప్ప ఏమీ ఉండేది కాదు. పైవాళ్లను అడిగితే "పార్టీ ఇచ్చిన మందు, నువ్వు పట్టించు" అనేవారు. ఆ యూనిఫాంలు వేసుకున్న పిల్లలకు ఇప్పుడు పిల్లలు పుట్టి ఉంటారు.

ఆ కాలువ నీళ్లు ఎటు పోతాయో చెబుతాను. మా ఊరి మురుగు సీనా నది వైపు పోతుంది. సీనా వెళ్లి కూడల్ దగ్గర భీమలో కలుస్తుంది. భీమ కర్ణాటక దాటి తెలంగాణ సరిహద్దులో కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్. మురుగు శుద్ధి చేసే మామూలు ప్లాంట్లు ఈ రసాయనాన్ని విరగ్గొట్టలేవు, అది నీళ్లతోపాటే నడుస్తుంది. మా తాతలు నీళ్లు లేక, పని లేక పాలమూరు వదిలి ఈ ఊరికి వచ్చారు. ఇక్కడ నేను వదిలిన నీళ్లు మళ్లీ ఆ పాలమూరు పొలిమేరకే వెళ్లాయి. మా చుట్టాలు ఇంకా అక్కడ ఉన్నారు. పెళ్లిళ్లకు వెళితే వాళ్లింటి నీళ్లే తాగుతాం.

ఇటలీలో విచెంజా దగ్గర మితేని అనే ఫ్యాక్టరీ ఇలాగే నేలనీటిని చెరిచింది. లక్షల మంది తాగే నీళ్లు అవి. 2025 జూన్‌లో అక్కడి కోర్టు పదకొండు మందికి జైలు శిక్షలు వేసింది. ఆ ఫ్యాక్టరీ దివాలా తీశాక దాని యంత్రాలు ఓడెక్కి వచ్చింది మన మహారాష్ట్రకే, రత్నగిరి జిల్లా లోటే పరశురామ్ పారిశ్రామిక వాడకు. ఒక దేశం వద్దనుకున్నది ఇంకో దేశానికి ఎలా చేరుతుందో మాకు ఢిల్లీ కంటే దగ్గర్నుంచి కనిపిస్తోంది.

మన చట్టం ఎక్కడుందో మీకు నాకంటే బాగా తెలుసు. నిలవ ఉండే సేంద్రియ కాలుష్యాల మీద స్టాక్‌హోం ఒప్పందాన్ని మన దేశం 2006లో ఆమోదించింది. ఆ ఒప్పందం పట్టికలో పీఎఫ్‌ఓఎస్ 2009లో, పీఎఫ్‌ఓఏ 2019లో, ఆ కెనడా ఇంటి దుమ్ములో దొరికిన పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్ 2022లో చేరాయి. మన దేశం 2018లో నియమాలు తెచ్చి ఏడు రసాయనాలను నిషేధించింది. ఆ ఏడింటిలో ఈ మూడూ లేవు. నిషేధం మీ చేతిలో లేదని నాకు తెలుసు, అది పర్యావరణ శాఖ పని. మీ చేతిలో ఉన్నదే అడుగుతున్నాను.

మరక పట్టదని చెప్పి అమ్మే ప్రతి డబ్బా మీద, ప్రతి కార్పెట్ వెనక కుట్టిన చీటీ మీద, ప్రతి యూనిఫాం గుడ్డ తాను అంచు మీద ఒక్క వరుస ఉండేలా ప్రమాణం రాయండి: ఇందులో ఫ్లోరిన్ రసాయనం ఉంది, లేదా లేదు. కొనేవాడి భాషలో, మా ఊళ్లో అయితే మరాఠీలోనూ తెలుగులోనూ కన్నడంలోనూ. ఫ్యాక్టరీలకు వచ్చే డ్రమ్ముల మీద కూడా ఇదే ఉండాలి. ఇంట్లో కొట్టేది చెంచాడు, కార్ఖానాలో తొట్టెడు. అక్కడ పైపు పట్టుకున్నవాడికి ముందు తెలియాలి.

కొలవడం కుదరదని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. గుడ్డ ముక్కను కాల్చి, వచ్చిన ఫ్లోరిన్ ఎంతో ప్రయోగశాలలో లెక్క కట్టవచ్చు. కాలిఫోర్నియా ఆ లెక్క మీదే చట్టం చేసింది. 2025 నుంచి గుడ్డలో మొత్తం సేంద్రియ ఫ్లోరిన్ పది లక్షల భాగాల్లో వంద దాటకూడదు, 2027 నుంచి యాభై దాటకూడదు. అమెరికాలో హోమ్ డిపో, లోవ్స్ లాంటి పెద్ద దుకాణాలు చట్టం రాకముందే, 2020 మొదలయ్యేసరికి, ఈ రసాయనం కలిపిన కార్పెట్లు తెప్పించడం మానేశాయి. మన కార్పెట్లు అక్కడికి పంపేటప్పుడు అక్కడి కొలతకు సరిపోయేలా పంపుతాం. అదే కొలత మన హాల్లో పరిచేదానికి ఎందుకు ఉండకూడదు?

చీటీతో ఏమవుతుందని అనేవాళ్లుంటారు. కార్పెట్ వ్యాపారంలోనే దానికి జవాబుంది. ఉత్తరాదిన చిన్నపిల్లలను మగ్గాల దగ్గర కూర్చోబెట్టి ముడులు వేయించే రోజుల్లో, కైలాశ్ సత్యార్థి, ఆయన తోటివాళ్లు 1994లో రగ్‌మార్క్ అనే గుర్తు తెచ్చారు. కార్పెట్ వెనక ఒక చిన్న చీటీ, దాని మీద అంకె. ఆ అంకె పట్టుకుని పోతే అది ఏ మగ్గం మీద నేసిందో తెలిసేది. బెర్లిన్‌లో కొనే ఇల్లాలు కార్పెట్ తిరగేసి చూడటం మొదలుపెట్టింది. అప్పటిదాకా ముడి వేసింది పెద్దల వేళ్లా పిల్లల వేళ్లా అని ఆమెకు తెలిసే దారే లేదు. మా ఊరి చాదర్‌నే తీసుకోండి. మహారాష్ట్రలో మొట్టమొదట భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు అదే. ఎక్కడ నేశారో చెప్పే చీటీకి విలువ ఉందని మీరే, అంటే ప్రభుత్వమే, మాకు నేర్పింది. ఎక్కడ నేశారో చెప్పాలంటున్నారు, మంచిది. దేనిలో ముంచారో కూడా చెప్పమని అడుగుతున్నాను.

తెలుగువాళ్లకు నేలమీద పరిచేది కొత్త కాదు. ఏలూరు ఉన్ని తివాచీలున్నాయి. వరంగల్ తివాచీలు 1851లో లండన్ ప్రదర్శనకు వెళ్లాయి. మా అత్తగారు మా ఆవిడకు పెళ్లిలో ఇచ్చిన వరంగల్ జంపఖానా ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ముతక నూలు, ఎరుపూ నీలం చారలు. మా వాడలో షహాబాద్ బండల మీదే అన్నీ జరుగుతాయి. మా అమ్మ ఆ నేల మీదే చాట ముందు పెట్టుకుని బీడీలు చుట్టేది, అక్కడే మాకు అన్నం పెట్టేది, అక్కడే చంటిపిల్లలను పడుకోబెట్టేది. నేల దుమ్ము మా నోటికి ఎంత దగ్గరో అపార్ట్‌మెంట్లలో కూర్చుని ప్రమాణాలు రాసేవాళ్లకు తట్టకపోవచ్చు, అందుకే రాస్తున్నాను.

ఇక మా కార్పెట్ సంగతి. స్ప్రే వేయించలేదు. పాప ఆడే చోట పైన ఆ జంపఖానా పరిచాం. దాన్ని ఎత్తి ఉతకొచ్చు, డాబా మీద ఆరేయొచ్చు. మొదటి పరీక్ష నారళి పౌర్ణమి నాడు వచ్చింది. మార్కండేయుని రథం చూసి అందరూ మా అబ్బాయి ఇంటికి భోజనానికి వచ్చారు. ఎవరి చేతిలోంచో చట్నీ గిన్నె జారి, జంపఖానా దాటి, సరిగ్గా కార్పెట్ మీద పడింది. అందరూ నా వైపు చూశారు. చెంచాతో ఎత్తగలిగినంత ఎత్తాను. రుద్దలేదు. రుద్దితే నూనె లోపలికి పోతుంది. జొన్నపిండి గుప్పెడు చల్లి గంటసేపు వదిలేశాను. పిండి నూనె తాగి ఎర్రగా ముద్దకట్టింది. దాన్ని ఎత్తేసి కుంకుడు రసం నురుగు మాత్రమే తీసుకుని గుడ్డతో అద్దాను, మళ్లీ చల్లటి నీళ్లతో అద్దాను. సబ్బు పెట్టలేదు. పసుపు మీద సబ్బు పడితే కుంకుమ లాగా ఎర్రబడుతుందని మగ్గాల వాడలో చిన్నపిల్లలకూ తెలుసు. మిగిలిన పసుపు ఛాయకు కార్పెట్ అంచు లాగి బాల్కనీ ఎండలో పెట్టాను. పసుపు రంగు ఎండకు నిలవదు. రంగు వేసేవాళ్లు పసుపును నమ్మకపోవడానికి కారణం అదే, మరక తీసేవాళ్లకు అదే వరం. రెండు రోజుల్లో చాలావరకు పోయింది. సోఫా కాలు పక్కన రూపాయి బిళ్లంత నీడ మిగిలింది. ఇప్పటికీ ఉంది. మా కోడలు దాన్ని చూసి ఏమీ అనలేదు, సోఫా నాలుగు వేళ్లు జరిపింది.

ఈ ఉత్తరం ప్రతిని మీకు తపాలాలో కూడా పంపుతున్నాను. దానితోపాటు రెండు కార్పెట్ ముక్కలు పెట్టాను. ఒకే తాను నుంచి కోసినవి, అరచేయంతవి. ఒకదానికి ఆ డబ్బా మందు కొట్టారు, రెండోదానికి లేదు. కుర్రాడినే అడిగి తీసుకున్నాను. ఏది ఏదో నేను రాయలేదు. మీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడండి, వేలితో తడమండి, వాసన చూడండి. ముప్పై ఒక్క ఏళ్లు ఈ పనిలో ఉన్న నేనే చూపుతో చెప్పలేకపోయాను. చెప్పలేకపోతే క్యాంటీన్ నుంచి ఒక చెంచా నూనె తెప్పించి ఒక్కో బొట్టు వేయండి. తర్వాత చేతులు కడుక్కోండి.

ఇట్లు,
ఒక పాత రంగుల మేస్త్రీ,
అశోక్ చౌక్, సోలాపూర్.